ఆ సీసా ఎప్పుడు తెరవాలి?

అందరికీ నమస్కారం.

బార్లీవైన్‌ని కొన్న వెంటనే తాగాలా, సెల్లార్‌లో పెట్టి ఏళ్ల తరబడి మాగనివ్వాలా అన్నది ఈ రోజు నాకిచ్చిన విషయం. పన్నెండేళ్ల కిందట ఎవరైనా ఈ మాట అడిగితే ఆలోచించకుండా ‘మాగనివ్వాలి’ అనేవాణ్ణి. ఇప్పుడు అలా అనలేను. నా అభిప్రాయాన్ని మార్చింది పాడైపోయిన ఒక సీసా. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఈ బీరుకు కొత్తవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి ముందు ఒక మాట. పేరులో వైన్ ఉన్నా ఇందులో ద్రాక్ష ఉండదు. ఇది బార్లీ మాల్ట్‌తో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలతో చేసే బీరే. మామూలు బీరులో ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉంటే ఇందులో 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. దాచుకునే అలవాటు దీనితోనే పుట్టింది. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జమీందారుల ఇళ్లలో అక్టోబరు నెలలో చిక్కటి బీరు తయారు చేసి, పీపాలకెత్తి, ఏళ్ల తరబడి కదపకుండా ఉంచేవారు. కొడుకు పుట్టినప్పుడు చేసిన బీరును వాడికి 21 ఏళ్లు నిండిన రోజున తెరిచే ఆచారమూ ఉండేది. మన కాలానికి దగ్గరగా చూస్తే, 1968లో ఇంగ్లండ్‌లోని డోర్చెస్టర్‌లో బీరు తయారు చేసే ఎల్డ్రిడ్జ్ పోప్ సంస్థ, నవలా రచయిత థామస్ హార్డీ చనిపోయి 40 ఏళ్లయిన సందర్భంగా ఆయన పేరు మీద ఒక బీరు తెచ్చింది. అది 25 ఏళ్లు నిలవ ఉంటుందని తయారు చేసినవాళ్లే చెప్పుకున్నారు. నాలాంటి వాళ్లకు దాచుకునే పిచ్చి పట్టడంలో ఆ మాటకు చాలా పాత్ర ఉంది.

అయితే బార్లీవైన్ అమెరికా చేరాక దారి చీలింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ సంస్థ 1970ల మధ్యలో ఓల్డ్ ఫాగ్‌హార్న్ అనే బార్లీవైన్ మొదలుపెట్టింది. 1983లో కాలిఫోర్నియాలోనే సియెర్రా నెవాడా సంస్థ బిగ్‌ఫుట్ అనే బార్లీవైన్ తెచ్చింది. ఇంగ్లండ్ రకంలో మాల్ట్‌దే పైచేయి. బిగ్‌ఫుట్‌లో హాప్స్ దట్టంగా పడతాయి. హాప్స్ అంటే బీరుకు చేదునీ సువాసననీ ఇచ్చే పువ్వులు. రెంటినీ బార్లీవైన్ అనే పిలుస్తాం గానీ, కాలం వీటిని ఒకేలా చూడదు. తాజానా పాతదా అనే వాదనలో ఇద్దరూ నిజమే చెబుతుంటారు, కాకపోతే వేర్వేరు బీర్ల గురించి.

సీసాలో ఏం జరుగుతుందో చూద్దాం. ముందు పోయేది హాప్స్ సువాసన. పైన్ జిగురు, పంపరపనస తొక్క లాంటి ఆ ఘుమఘుమ కొన్ని నెలల్లోనే పలచబడుతుంది. చేదు అంత త్వరగా పోదు, ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంది. ఈలోగా మూత కింద మిగిలిన కాస్త ఆక్సిజన్ తన పని తాను చేస్తుంది. తేలికపాటి బీరులోనైతే అది తడిసిన అట్ట వాసన తెస్తుంది. మాల్ట్ బలంగా ఉన్న చిక్కటి బీరులో అదే ఆక్సిజన్ ఎండుద్రాక్ష, ఖర్జూరం, షెర్రీ వైన్ లాంటి రుచులు పుట్టిస్తుంది. గొంతులో మండే ఆల్కహాల్ ఘాటు కూడా మెత్తబడుతుంది. నాకు ఈ బీరులో అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే. వేరే బీరును చంపే ఆక్సిజనే దీన్ని పండిస్తుంది. సీసాలో బతికున్న ఈస్ట్, అంటే బీరును పులియబెట్టే సూక్ష్మజీవి, ఉంటే అది కొంత ఆక్సిజన్‌ను తినేసి బీరును కాపాడుతుంది. కానీ ఆ ఈస్ట్ కూడా ఒకనాటికి చచ్చి, దాని కణాలు పగిలి, సోయా సాస్ లాంటి రుచి దిగుతుంది. కొంచెమైతే లోతు వస్తుంది. మోతాదు మించితే తాగలేం.

ఇక నా సీసా సంగతి. ఒక మిత్రుడు హాప్స్ దట్టంగా వేసిన బార్లీవైన్ ఇచ్చాడు, ఒకే ఒక్క సీసా. మంచిరోజు కోసమని ఆరేళ్లు అటక మీద దాచాను. మా అన్నయ్య రిటైరైన రోజు రాత్రి అందరికీ తలా కాస్త పోశాను. హాప్స్ ఆనవాలు లేదు. మిగిలింది తీపి, ఆ తీపి మీద తడి అట్ట వాసన. అన్నయ్య ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టాడు. పాడైనందుకు బాధపడ్డాను, నిజమే. దానికన్నా ఎక్కువ బాధ ఏమిటంటే, తయారు చేసినవాళ్లు పంపినప్పుడు దాని రుచి ఏమిటో నాకు ఎప్పటికీ తెలియదు. ఒకరు నెలల తరబడి కష్టపడి చేసిన దాన్ని, వాళ్లు అనుకున్న రూపంలో ఒక్క గుక్క కూడా తాగకుండా అటకెక్కించాను.

అప్పటి నుంచి నేను ఒక్క సీసా కొని దాచడం మానేశాను. మూడో నాలుగో కొంటాను, మొదటిది ఆ వారంలోనే తెరుస్తాను. హాప్స్ ముందుకొచ్చే రకమైతే మిగతావి కూడా త్వరగా అయిపోతాయి. బిగ్‌ఫుట్ లాంటి వాటిని నాలుగైదేళ్లు ఉంచి ఇష్టంగా తాగేవాళ్లు ఉన్నారు, వాళ్లు చెప్పేదీ నమ్ముతాను. కానీ ఏడాదిన్నర దగ్గర ఒక దశ వస్తుంది. హాప్స్ పోయి ఉంటాయి, పాతదనపు రుచులు ఇంకా రాలేదు. ఆ దశలో తెరిచిన సీసాలు నన్ను చాలాసార్లు నిరాశపరిచాయి. ఇంగ్లండ్ రకం దగ్గర మాత్రం నాకు ఓపిక ఎక్కువ. మాంచెస్టర్‌లోని జె.డబ్ల్యూ. లీస్ సంస్థ 1986 నుంచి తెస్తున్న హార్వెస్ట్ ఏల్ అనే బీరులో ఆల్కహాల్ 11.5 శాతం ఉంటుంది. కొత్తగా తాగితే తేనెలా చిక్కగా, కాస్త మొరటుగా ఉంటుంది. నాలుగైదేళ్లకు ఆ మొరటుదనం తగ్గి ఎండుద్రాక్ష రుచి తేలుతుంది. అలాగని కాలం పెరిగేకొద్దీ రుచి పెరుగుతూనే పోదు. బాగా పాతబడిన సీసాల్లో షెర్రీ వాసన ఉన్నా బీరులో చిక్కదనం ఉండదు, నోట్లో పలచగా జారిపోతుంది.

దాచేవాళ్లు వేడికి భయపడండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ మార్పులన్నీ సుమారు రెండు మూడు రెట్లు వేగంగా జరుగుతాయి. మా అటక చేసిన పని అదే. 10 నుంచి 13 డిగ్రీల మధ్య, పగలూ రాత్రీ ఒకేలా ఉండే చీకటి చోటు కావాలి. వెలుతురు తగిలితే హాప్స్ పదార్థాలు విరిగి గబ్బు వాసన కొడుతుంది. గోధుమరంగు సీసా కొంత ఆపుతుంది, ఆకుపచ్చదీ తెల్లదీ పెద్దగా ఆపవు. వైన్‌లా పడుకోబెట్టకండి, నిలబెట్టండి. మడ్డి అడుగున పేరుకుంటుంది, గాలి తగిలే మేరా తగ్గుతుంది. కొన్న తేదీ సీసా మీద రాసి పెట్టుకోండి.

ఈ బల్ల మీద ఒకే సంస్థ చేసిన మూడు సీసాలున్నాయి. ఒకటి ఈ ఏడాదిది, ఒకటి మూడేళ్లది, ఒకటి ఏడేళ్లది. మూడూ ఇంగ్లండ్ రకమే, మూడూ చల్లటి చీకటి గదిలో ఉన్నవే. గంట కిందటే ఫ్రిజ్‌లోంచి తీశాను, మరీ చల్లగా ఉంటే రుచి తెలియదు. ఘాటు ఎక్కువ కాబట్టి ఒక్కో సీసా ఐదారుగురు పంచుకుందాం, అడుగున మడ్డి కదలకుండా మెల్లగా వంపుదాం. గ్లాసులు ఇటు జరపండి. ఈ ఏడాదిది ముందు తెరుస్తున్నాను.