వెంటిలేటర్ మీద పసికందుకు నొప్పి మందు ఎప్పుడిస్తారు?

[తెర మీద: ఇంక్యుబేటర్‌లో పసికందు ముఖం, బాగా దగ్గరగా]

ఈ బిడ్డ ఏడుస్తోంది. కళ్లు గట్టిగా మూసుకుంది, కనుబొమలు ముడిపడ్డాయి. శబ్దం మాత్రం రావట్లేదు. శ్వాస గొట్టం స్వరపేటిక మధ్యలోంచి దిగి ఉంది కదా, గొంతు ఎలా వస్తుంది?

అందుకే నర్సులు ముఖమూ మానిటరూ కలిపి చూస్తారు. నొప్పి ఎంత ఉందో అంచనా వేయడానికి పీఐపీపీ అని ఒక స్కోరు ఉంది. నుదురు ముడి, కళ్ల మూత, ముక్కు పక్కన పడే గీత, గుండె వేగం, ఆక్సిజన్ ఎంత పడిపోయింది, బిడ్డ నిద్రలో ఉందా మెలకువగా ఉందా, ఎన్ని వారాల గర్భానికి పుట్టింది అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. వారాలు తక్కువైతే మార్కులు ఎక్కువ వేస్తారు. మరీ చిన్న బిడ్డకు ముఖం చిట్లించే ఓపిక కూడా ఉండదు మరి.

1980ల దాకా చాలాచోట్ల ఇలాంటి బిడ్డలకు ఆపరేషన్ చేసేటప్పుడు కూడా నొప్పి మందు సరిగ్గా ఇచ్చేవారు కాదు. కదలకుండా చేసే మందు పడితే చాలనుకునేవారు. వీళ్లకు నొప్పి తెలియదని కొందరి నమ్మకం, మందు తట్టుకోలేరని ఇంకొందరి భయం. మన దేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో దీన్ని తేల్చి చెప్పింది. ఆపరేషన్‌లో ఫెంటానిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన బిడ్డల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, తర్వాత వచ్చే చిక్కులూ తగ్గాయి.

అలాగైతే వెంటిలేటర్ పెట్టిన ప్రతి బిడ్డకూ మార్ఫిన్ అనే నొప్పి మందు ఎక్కించేస్తే పోలా?

[తెర మీద: నియోపెయిన్, 2004]

నియోపెయిన్ అనే పరిశోధనలో అదీ చూశారు. దాన్ని నడిపించిందీ ఆనందే. 23 నుంచి 32 వారాల మధ్య పుట్టిన 898 మంది బిడ్డల్లో సగం మందికి మార్ఫిన్, మిగతా వాళ్లకు మందు లేని ఉత్త ద్రావణం. మెదడులో తీవ్ర రక్తస్రావం గానీ మరణాలు గానీ మార్ఫిన్‌తో తగ్గలేదు. పైగా బీపీ పడిపోవడం ఎక్కువైంది, వెంటిలేటర్ మీద ఉండే సమయమూ పెరిగింది. నొప్పి ఉందని నిరూపించిన మనిషే, అందరికీ మందు పోసేయడం వల్ల లాభం లేదనీ చూపించారు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే.

ఇంకో తికమక ఉంది. మిడజోలామ్ లాంటి మత్తు మందు బిడ్డను పడుకోబెడుతుంది గానీ నొప్పిని తీయదు. ముఖంలో కదలిక ఉండదు కాబట్టి చూసేవాళ్లకు హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది. నెలలు నిండని బిడ్డల్లో మెదడుకు చేటు చేయొచ్చన్న అనుమానం కూడా ఉండటంతో దీన్ని మామూలుగా వాడమని సిఫార్సు చేయరు.

"బిడ్డ కొట్టుకుంటోంది, కాస్త పడుకోబెట్టండి డాక్టర్ గారూ" అని బంధువులు అడుగుతుంటారు. ఆ టెన్షన్ అర్థమవుతుంది. కానీ ముందు చూడాల్సింది గొట్టం. జరిగిందా? తెమడతో మూసుకుపోయిందా? ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా? బిడ్డ పీల్చుకునే సమయానికి మెషీన్ గాలి ఇస్తోందా? ఇవి చూడకుండా మత్తు ఇస్తే అసలు ప్రమాదం కనపడకుండా పోతుంది.

అత్యవసరం కాకపోతే గొట్టం వేసే ముందు మందు ఇవ్వాలి. ఆపరేషన్‌కు, ఛాతీలో ట్యూబు పెట్టడానికి సరేసరి. ఫెంటానిల్‌ను నెమ్మదిగా ఎక్కిస్తారు. గబుక్కున ఇస్తే ఛాతీ కండరాలు బిగుసుకుపోయి గాలి లోపలికి పోదు.

రోజూ జరిగే చిన్న నొప్పులే ఎక్కువ. మడమ గుచ్చి రక్తం తీయడం, గొట్టంలో తెమడ లాగడం. ప్యారిస్ ప్రాంతంలో 430 మంది పసికందులను గమనిస్తే, నొప్పి కలిగించే పనుల్లో దాదాపు 79 శాతం ప్రత్యేకంగా ఏ ఉపశమనమూ లేకుండానే జరిగాయని 2008లో తేలింది.

[తెర మీద: రెండు చేతులు, బిడ్డ]

ఇక్కడే అమ్మానాన్నలకు పని ఉంది. చేతులు కడుక్కుని, నర్సును అడిగి, ఒక అరచేయి తల మీద ఆనించండి. ఇంకో చేత్తో కాళ్లు పొట్టవైపు ముడిచి పట్టుకోండి. నిమరొద్దు, ఊరికే ఆనించి ఉంచండి. తల్లిపాలో చక్కెర ద్రావణమో నాలుక మీద చుక్కలుగా వేయొచ్చా అన్నది నర్సులు చెబుతారు. ఇంటి నుంచి తేనె మాత్రం తేవొద్దు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. పరిస్థితి నిలకడగా ఉంటే వెంటిలేటర్ మీద ఉండగానే కంగారూ కేర్, అంటే బిడ్డను అమ్మ లేదా నాన్న ఛాతీకి చర్మం తగిలేలా ఆనించి ఉంచడం, కూడా చేయిస్తారు.

మార్ఫిన్ చాలా రోజులు నడిస్తే ఒక్కసారిగా ఆపరు. డోసు తగ్గించే రోజుల్లో వణుకు, చిరాకు, పాలు పడకపోవడం కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి.