నెసెబర్ పాత ఊరు: పొద్దున్నే వెళ్ళండి, తూర్పు గోడతో మొదలుపెట్టండి

నమస్తే అండి. బల్గేరియాలో నల్ల సముద్రం ఒడ్డున ఉన్న నెసెబర్ పాత ఊరిని ఒక్క పూటలో ఎలా చూడాలో ఈ వీడియోలో చెప్తాను. ఊరంతా కలిపి సుమారు 850 మీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పు, అంతే. సన్నటి కట్ట మీదుగా లోపలికి వెళ్తాం. ఆ కట్ట మీద పాత చెక్క గాలిమర కనిపిస్తుంది, అదే గుర్తు.

బల్గేరియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, ఉంది కాబట్టి మన పాస్‌పోర్ట్‌కి షెంగెన్ వీసా కావాలి. 2026 నుంచి అక్కడ యూరోలే చెల్లుతాయి, పాత వీడియోలు చూసి పాత కరెన్సీ లెవాలు మార్చుకోకండి. దగ్గరి ఎయిర్‌పోర్ట్ బుర్గాస్.

ఇక అసలు విషయం, టైము. ఎనిమిదింటికల్లా ఊళ్ళో ఉండండి. పక్కనే సన్నీ బీచ్ అనే పెద్ద రిసార్ట్ ఉంది, ఎండాకాలంలో పది దాటితే అక్కడి జనమంతా ఈ సందుల్లోనే ఉంటారు. ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఊళ్ళో ముఖ్యంగా చూడాల్సినవి పాత చర్చిలు, వాటిలో గర్భగుడిలాంటి భాగం తూర్పువైపు గుండ్రంగా బయటికి వస్తుంది, మంచి పనితనం చాలావరకు అక్కడే చూపించారు. పొద్దుటి ఎండ నేరుగా దాని మీద పడుతుంది. మధ్యాహ్నం వెళ్తే అది నీడలో ఉంటుంది, ఫోటోలో రంగులు తేలవు.

ముందు క్రైస్ట్ పాంటోక్రేటర్ చర్చి, 13–14 శతాబ్దాలది. తూర్పు గోడకి రెండడుగుల దూరంలో నిలబడండి. తెల్ల రాయి వరస, దాని మీద ఎర్ర ఇటుక వరసలు, మళ్ళీ రాయి. ఇప్పుడు కమానుల అంచు చూడండి. పచ్చగా మెరిసేవి రంగు చుక్కలు కావు. కాల్చిన మట్టితో చేసిన బుల్లి గిన్నెలు. వాటి కాడని సున్నంలోకి గుచ్చి, గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసిన మూతి మాత్రం బయటికి వదిలారు. అదే గోడ మీద ఇటుకలతో పేర్చిన స్వస్తికల వరస కూడా ఉంది. మన గుమ్మాల మీద వేసే గుర్తే. అక్కడ దాన్ని సూర్యుడి గుర్తు అంటారు.

తర్వాత సెయింట్ స్టీఫెన్. ఇది మాత్రం లోపలే చూడాలి, గోడలంతా చిత్రాలు, ఎక్కువ భాగం 16వ శతాబ్దానివి, వెయ్యికి పైగా బొమ్మలు. ఎండలోంచి లోపలికి వెళ్ళగానే ఏమీ కనపడదు. రెండు మూడు నిమిషాలు ఆగండి, కళ్ళు అలవాటు పడితే ముఖాలు ఒక్కొక్కటే తేలతాయి. ఫ్లాష్ కొట్టకండి, ఆ రంగులకి అది మంచిది కాదు. విడివిడిగా టికెట్లు కొనేముందు మ్యూజియం, చర్చిలు కలిపిన టికెట్ అడగండి. బల్గేరియాలో అవతలివాళ్ళు తల పైకీ కిందకీ ఊపితే అది "కాదు" అయ్యుండొచ్చు, "దా" అంటేనే అవును.

ఊరి నడిమధ్య సెయింట్ సోఫియాకి పైకప్పు లేదు, టికెట్టూ అక్కర్లేదు. జనం పెరిగాక చూసినా పర్వాలేదు.

చివరికి దక్షిణపు ఒడ్డున సెయింట్ జాన్ అలిటుర్గెటోస్. 1913 భూకంపంలో బాగా దెబ్బతింది. ముందువైపు చూసి వచ్చేయకండి, చుట్టూ తిరగండి, ఒక్కో గోడకి ఒక్కో అల్లిక ఉంటుంది. దారంతా నున్నగా అరిగిన రాళ్ళే, తడిస్తే జారతాయి. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.