కుక్కను ఇంటికి తీసుకువెళ్లేవారిని అడగవలసిన ప్రశ్నలు

తమ్ముడు: అందరికీ నమస్కారం. కుక్కను పెంచుకుంటామని వచ్చేవారిని ఏయే ప్రశ్నలు అడిగిన తరువాత ఇవ్వాలో ఈ వారం చెబుతామని మాట ఇచ్చాము. అక్కా, మొదటి ప్రశ్న మీరే చెప్పండి.

అక్క: నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఆడదాన్ని తీసుకుంటారా?

తమ్ముడు: మన శ్రోతలకు అది కంఠస్థమై ఉంటుంది.

అక్క: అయినా అడుగుతాను. ఒక ఈతలో ఆరు పిల్లలుంటే మగవి వారం తిరగకముందే వెళ్లిపోతాయి, ఆడవి మన వరండాలోనే పెరుగుతాయి. ఎదకు వస్తే ఇంటి ముందు మగకుక్కలు చేరతాయని భయపడతారు. ఒక్క ఆపరేషన్‌తో ఆ భయం తీరిపోతుందని ఎంత చెప్పినా, మగపిల్ల దొరికితే ఫోన్ చేయమని నంబరు ఇచ్చి వెళ్లిపోతారు.

తమ్ముడు: రెండవ ప్రశ్న, కుక్క ఎక్కడ పడుకుంటుంది అన్నది. మిద్దె మీద అంటే నేను అక్కడితోనే ఆపేస్తాను. మే నెల మధ్యాహ్నం మన కడప బండలు పరిచిన మిద్దె మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేము, అలాంటి చోట గొలుసుతో కట్టిన కుక్క నీడలోకి కూడా జరగలేదు. మూడవ ప్రశ్న...

అక్క: మూడవదానికి పోకముందు మల్లి సంగతి తేల్చుదాం అబ్బీ. మిద్దె అనగానే నాకు అదే గుర్తుకు వచ్చింది, ఎందుకంటే మొన్న దాన్ని అడగడానికి వచ్చినవారు కూడా మిద్దె కాపలాకే అడిగారు.

తమ్ముడు: కొత్తగా వింటున్నవారి కోసం చెబుతాను. మల్లి బస్టాండు వెనుక సందులో నాలుగేళ్లుగా ఉంటున్న కుక్క. రెండు నెలల కిందట ఒకడు దాని వీపు మీద కాగిన నూనె పోశాడు. చూసినవారెవరో జాలితోనే పసుపు మెత్తారు గాని, దాన్ని కడిగి తీయడానికే డాక్టరుగారికి అరగంట పట్టింది. కాలిన చోట ముందు చల్లని మంచినీళ్లు ధారగా పోయాలి, మరేదీ పూయకూడదు. వెంట్రుకల కింద ఎంత మేర కాలిందో మొదటి రోజు తెలియదు, నాలుగైదు రోజులకు చర్మం చచ్చి ఊడివచ్చినప్పుడే తెలుస్తుంది. ఇప్పుడు పుండు చాలావరకు మానింది. అక్క దాన్ని మళ్లీ ఆ సందులోనే వదలాలంటున్నారు.

అక్క: అవును, అంటున్నాను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటనే వదలమంటున్నాయి. ఆ సందులో దానికి రోజూ అన్నం పెట్టే ముగ్గురు ఆడవాళ్లున్నారు, అది పెరిగిన చోటు అదే.

తమ్ముడు: నూనె పోసినవాడు కూడా అక్కడే ఉన్నాడు కదా! అదీగాక, బస్టాండ్లలో పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలరాదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది.

అక్క: మల్లి బస్టాండు ఆవరణలోది కాదు, దాని వెనుక సందులోది. ఆ తేడా నీకూ తెలుసు.

తమ్ముడు: గోడకు ఇవతలిదా, అవతలిదా అన్నది కుక్కకు తెలియదు అక్కా. అయినా, వాడి మీద కేసు పెడదామంటే మీరే వద్దన్నారు.

అక్క: నేను వద్దనలేదు, జంతువులను హింసించడాన్ని ఆపే 1960 నాటి చట్టం ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదన్నాను. దాని ప్రకారం మొదటి తప్పుకు పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా, అంతే. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయితే జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. కానీ దానికి చూసినవారు సాక్ష్యం చెప్పాలి. సందులో అందరూ చూశారు, స్టేషనుకు మాత్రం ఎవరూ రాలేదు.

తమ్ముడు: సాక్ష్యానికి రానివారు రేపు దాన్ని కాపాడతారని ఎలా నమ్మమంటారు? ఆ రోజు దాన్ని నీలం తువ్వాలులో ఎత్తుకున్నది నేను. నోటికి గుడ్డ కట్టే ధైర్యం కూడా నాకు చాలలేదు, అయినా అది నన్ను కరవలేదు.

అక్క: నాకు తెలుసు నాయనా.

తమ్ముడు: తెలిస్తే అక్కడికి పంపమని ఎలా అంటారు?

అక్క: మనం ఇంతకుముందు దత్తత ఇచ్చిన కుక్క కర్ణుడి వల్ల అంటున్నాను. వాడికి మంచి ఇల్లే చూశాము, ఫ్యాను కింద పడక, రెండు పూటలా అన్నం. మూడవ రోజు గేటు తీసిన క్షణంలో తన పాత వీధిని వెతుక్కుంటూ పరుగెత్తాడు, పది రోజులు తిరిగినా మనకు దొరకలేదు. వీధిలో పెరిగిన పెద్ద కుక్కను ఇంటికి పంపడమంటే దానికి మేలు చేయడమేనని అప్పటిదాకా నేనూ అనుకున్నాను.

తమ్ముడు: ఆ తప్పు ఇంటిది కాదు, మనది. కొత్త ఇంటికి వెళ్లిన కుక్కను మొదటి వారాలలో గేటు లోపల కూడా మెడకు కట్టి పట్టుకునే పట్టీ తీయకుండా తిప్పాలని మనం వారికి చెప్పలేదు. దత్తత ఇచ్చిన కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ మాటే నా మూడవ ప్రశ్న, మీరు ఇందాక చెప్పనివ్వలేదు.

అక్క: సరే, పట్టీ తీయకుండా తిప్పుతామనే మనుషులు దొరికితే చూద్దాం. కానీ మల్లి ఆడది. రెండు నెలలుగా దాని ఫోటో పెడుతున్నాము, వచ్చినది ఆ మిద్దెవారు ఒక్కరే. మగదై ఉంటే ఈపాటికి నలుగురు వచ్చేవారు.

తమ్ముడు: అందుకని సందుకు పంపుదామా?

అక్క: ఆ ముగ్గురిలో ఒకామె దాన్ని రాత్రిపూట తన వాకిట్లో పడుకోబెట్టుకుంటానన్నది. నువ్వు ఒకసారి వచ్చి ఆమెతో మాట్లాడు.

తమ్ముడు: వస్తాను. కానీ ఒప్పుకుంటానని మాట ఇవ్వను.

అక్క: ఇవ్వవద్దులే. మల్లి లేచినట్టుంది, పుండు నాకకుండా మెడకు పెట్టిన ప్లాస్టిక్ గరాటా గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. కట్టు నాకేస్తుందేమో చూడు.

తమ్ముడు: నాలుగవ ప్రశ్న టీకాల గురించి, అది వచ్చే వారం... అక్కా, దూది ఎక్కడ పెట్టారు?