అధ్యాపకులకు లైబ్రరీ నుంచి ఏం కావాలి?

శ్రోతలకు నమస్కారం. యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఇవాళ అధ్యాపకులు కోరేది కొత్త బీరువాలు కాదు. రాత్రి పదింటికి ఇంట్లో కూర్చున్నా జర్నల్ వ్యాసం తెరుచుకోవాలి.

2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకంతో 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందాయి. మూడేళ్లకు కేంద్రం 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అయినా 'డబ్బు కట్టండి' అనే పేజీ ఎందుకొస్తుంది? క్యాంపస్‌లో ఉన్నప్పుడు ప్రచురణ సంస్థ మనల్ని గుర్తుపట్టేది ఐపీ అడ్రసును బట్టి, అంటే ఇంటర్నెట్‌లో మన నెట్‌వర్క్‌కు ఉండే నంబరును బట్టి. ఇంటర్నెట్ కంపెనీ మారితే ఆ అడ్రసు కూడా మారుతుంది. ఆ మాట లైబ్రరీ చెవిన పడకపోతే, ఆ రోజు నుంచే జర్నల్స్ మూతపడతాయి. కాబట్టి కంప్యూటర్ విభాగం కొత్త అడ్రసును వెంటనే లైబ్రేరియన్‌కు ఇవ్వాలి. ఆయన దాన్ని యూనివర్సిటీ లైబ్రరీల కోసం పనిచేసే యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కూ, యూనివర్సిటీ సొంతంగా చందా కట్టే సంస్థలకూ పంపాలి.

ఇంటి నుంచి చదవాలంటే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి లాగిన్ ఏర్పాటు ఇన్‌ఫెడ్ ఉంది. జర్నల్ సైటులో సంస్థ ద్వారా లాగిన్ అయ్యే చోట నొక్కి, ఇన్‌ఫెడ్‌నూ మన యూనివర్సిటీ పేరునూ ఎంచుకుని, లైబ్రరీ ఇచ్చిన ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాలి. ఐడీలు అడిగినవాళ్లకే ఇస్తే సగం మందికి ఆ సౌకర్యం ఉన్నట్టే తెలియదు. ఉద్యోగంలో చేరిన రోజే ఇవ్వడం మంచిది.

తెలుగు శాఖల అవసరం వేరు, దాని మీద శ్రద్ధ మరీ తక్కువ. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఆన్‌లైన్ భాండాగారం శోధగంగలో చేరుతున్నాయి. కానీ డీటీపీలో వాడే పాత తరహా అను ఫాంట్లలో టైపు చేసినవి తెర మీద చక్కగా కనిపించినా, లోపల ఉన్నవి రోమన్ అక్షరాలూ గుర్తులే. అందులో 'నన్నయ' అని వెతికితే ఏమీ దొరకదు. స్కాన్ చేసిన పేజీలైతే ఒట్టి బొమ్మలు.

లైబ్రరీ ఫైలు తీసుకునేటప్పుడే ఒక పరీక్ష చేయవచ్చు. పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. తెలుగు రాకపోతే ఫైలు వెనక్కి ఇచ్చి, తెలుగును ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో తెమ్మనండి. యూనికోడ్‌లోనే ఉన్నా పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒక్కోసారి ఒత్తులు చెదిరిపోతాయి. అందుకని వర్డ్ ఫైలు కూడా తీసుకుని దాచాలి. పాతవాటిని మొత్తం తిరిగి టైపు చేయించలేకపోయినా, శీర్షిక, సారాంశం, అధ్యాయాల పేర్లు, పది కీలక పదాలు యూనికోడ్ తెలుగులో చేరిస్తే అవి వెతికినవారికి దొరుకుతాయి.