నువ్వొక్కడివే రా అంటే

సభకు నమస్కారం. ఈ ఏడాది కాలేజీల్లో చేరుతున్న పిల్లలకు, వాళ్లకంటే ఎక్కువ టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులకు ప్రత్యేకంగా. న్యూజెర్సీ తెలుగువాళ్ల సభలో యూదుల ఫ్రాటర్నిటీల గురించి మాట్లాడనిచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకున్న ఈ విద్యార్థి సంఘాల్లో ఒకప్పుడు చాలావాటిలో యూదులకు చోటుండేది కాదు. 1913లో న్యూయార్క్ యూనివర్సిటీ కామర్స్ విద్యార్థి చార్లెస్ మాస్కోవిట్జ్‌ను ఒక సంఘం పిలిచింది. నా యూదు స్నేహితులూ రావచ్చా అని అడిగాడట. పిలుపు నీ ఒక్కడికే అన్నారట. అతను వెళ్లలేదు. ఆ నవంబరులో పదకొండు మంది కలిసి "ఆల్ఫా ఎప్సిలాన్ పై" అనే సొంత సంఘం పెట్టుకున్నారు.

పిల్లలూ, కాస్త వినండి. "నువ్వు మిగతా ఇండియన్స్‌లా కాదు" అని మిమ్మల్నీ మెచ్చుకుంటారు. పొంగిపోకండి. మాస్కోవిట్జ్ అడిగిందే అడగండి.

మాస్కోవిట్జ్ వాళ్లు పెట్టిన ఆ సంఘంవాడే మైకేల్ ష్వెర్నర్, కార్నెల్ యూనివర్సిటీలో చదివాడు. మిసిసిపీలో నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం పనిచేస్తుంటే 1964లో చంపేశారు. ఇరవై నాలుగేళ్లు. తన వాళ్ల కోసం మొదలైన సంఘంలోంచి వచ్చి పరాయివాళ్ల కోసం నిలబడ్డాడు.

ఇక యూదులదే మరో సంఘం, జీటా బీటా టౌ. 1898లో కొలంబియా ప్రొఫెసర్ రిచర్డ్ గాట్‌హైల్ ప్రోత్సాహంతో మొదలైంది. 1954లో ఏ మతంవాళ్లయినా చేరవచ్చంది. 1989లో ప్లెడ్జింగ్‌నే ఎత్తేసింది. అంటే కొత్తవాణ్ని వారాల తరబడి తక్కువవాడిగా చూసే పద్ధతి ఇక లేదు, చేరిన రోజే సమానుడు.

నేనసలు ఈ మాట చెప్పడానికే వచ్చాను. మా ఇంజనీరింగ్ హాస్టల్లో సీనియర్ ఎదురైతే తల దించుకుని, మన చొక్కా మూడో గుండీనే చూస్తూ నిలబడాలి. కళ్లెత్తితే చెంపదెబ్బ. నా రూమ్మేట్ మొదటి నెలలోనే పెట్టె సర్దుకుని ఊరెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. మాకంటే బాగా లెక్కలు చేసేవాడు. 1997లో మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. వాడికి మాత్రం ఆలస్యమైపోయింది.

అవమానపడ్డవాడు తన వంతు రాగానే ఇంకొకణ్ని అవమానించడం సంప్రదాయం కాదు. బాధ తెలిసినవాళ్లే దాన్ని ఆపాలి. జీటా బీటా టౌ ఆపింది.

ఈ హాల్లో సీనియర్లున్నారు. మీ డాన్స్ టీముల్లో కొత్తవాళ్లను అర్ధరాత్రిదాకా నిలబెట్టి "పరీక్షిస్తున్నారని" విన్నాను. నాయనా, అమ్మా, ఈ సెమిస్టర్ నుంచే అది మానేయండి. ఇప్పుడే, ఇక్కడే మీలో మీరు మాట్లాడుకోండి. నేను మైకు ఇచ్చేస్తాను.