పెద్ద సంఖ్యల లెక్కలకు ఏ లైబ్రరీ వేగం? ముందు సంఖ్య పొడవెంతో చెప్పండి

[తెర మీద: టెర్మినల్. 20 ఫ్యాక్టోరియల్, దాని కింద 21 ఫ్యాక్టోరియల్.]

నమస్తే. సీ భాషలో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాసినవాళ్లకు ఇది తెలిసిందే. 20 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 20 వరకు అన్నీ గుణించిన లబ్ధం) వరకు జవాబు సరిగ్గా వస్తుంది: 2432902008176640000. 21 దగ్గర తప్పు జవాబు మొదలవుతుంది. 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 18446744073709551615. 21 ఫ్యాక్టోరియల్ దానికి రెండున్నర రెట్లకు పైనే ఉంటుంది.

పైథాన్‌లో ఆ టెన్షన్ లేదు. 1000 ఫ్యాక్టోరియల్ అడిగినా 2568 అంకెలూ తెచ్చి ఇస్తుంది. జావాలో దీనికోసం బిగ్‌ఇంటీజర్ ఉంది, గో భాషలో బిగ్ ప్యాకేజీ ఉంది, జావాస్క్రిప్ట్‌లో 2020 ప్రమాణం నుంచి బిగ్‌ఇంట్ ఉంది. సీ, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లు ఎక్కువగా పెద్ద సంఖ్యల కోసమే రాసిన జీఎంపీ అనే లైబ్రరీ వాడతారు. ఇవన్నీ ఒకే జవాబు ఇస్తాయి, కానీ తీసుకునే సమయం ఒకటి కాదు. అక్కడే అందరూ అడిగే ప్రశ్న వస్తుంది: వీటిలో ఏది వేగం?

సంఖ్య పొడవు చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదని నా గట్టి నమ్మకం. "ఫలానా లైబ్రరీ పది రెట్లు వేగం" అనే మాట ఎక్కడ కనిపించినా, ఎన్ని అంకెల సంఖ్యల మీద అని వెంటనే అడగండి. 30 అంకెల దగ్గర ఒక జవాబు, 3 లక్షల అంకెల దగ్గర పూర్తిగా వేరే జవాబు వస్తుంది. ఎందుకో లోపలికి వెళ్లి చూద్దాం.

[తెర మీద: ఒక పొడవైన సంఖ్య ముక్కలుగా విడిపోతుంది.]

ఏ లైబ్రరీ అయినా పెద్ద సంఖ్యను ముక్కలు చేసి ఒక వరుసలో దాచుకుంటుంది. మనం ఒకట్లు, పదులు, వందల స్థానాల్లో రాసినట్టే ఇవీ రాస్తాయి. కాకపోతే ఒక్కో స్థానంలో 0 నుంచి 9 వరకు కాకుండా చాలా పెద్ద విలువ పడుతుంది. జీఎంపీ ఒక్కో ముక్కను లింబ్ అంటుంది. 64 బిట్ల యంత్రంలో ఒక లింబ్ అంటే 64 బిట్లు. జావా ముక్క 32 బిట్లు. పైథాన్ ముక్క 30 బిట్లు.

పైథాన్‌కు 30 ఎందుకు? రెండు 30 బిట్ల ముక్కలను గుణిస్తే 60 బిట్లు వస్తాయి. అది మామూలు సీ భాషలోని 64 బిట్ల ఇంటీజర్‌లో పట్టేసి, క్యారీ కలుపుకోవడానికి ఇంకా చోటు మిగులుతుంది. ఏ కంపైలర్ మీదైనా, ఏ యంత్రం మీదైనా నడవాలన్న కోరికకు ఇది చక్కని పరిష్కారం. జీఎంపీ దారి వేరు. 1991లో టోర్బ్యోర్న్ గ్రాన్‌లుండ్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీలో లోపలి లూపులను ఒక్కో ప్రాసెసర్‌కు విడిగా, దాని సొంత ఇన్‌స్ట్రక్షన్ల భాష అయిన అసెంబ్లీలో రాశారు. 64 బిట్లను 64 బిట్లతో గుణించి 128 బిట్ల జవాబు ఇచ్చే ఇన్‌స్ట్రక్షన్, క్యారీతో కలిపి కూడే ఇన్‌స్ట్రక్షన్ ప్రాసెసర్‌లో ఉన్నాయి. జీఎంపీ వాటిని నేరుగా వాడుకుంటుంది.

[తెర మీద: మూడు సంఖ్యలు ఒకదాని కింద ఒకటి: 520, 1039, 1108.]

దీని ప్రభావం లెక్క వేద్దాం. 10,000 అంకెల సంఖ్య అంటే సుమారు 33,220 బిట్లు. జీఎంపీలో 520 లింబ్‌లు, జావాలో 1039 ముక్కలు, పైథాన్‌లో 1108 ముక్కలు. బడిలో నేర్చుకున్న పద్ధతిలో, అంటే ప్రతి ముక్కనూ ప్రతి ముక్కతో గుణిస్తే, జీఎంపీకి 2,70,400 చిన్న గుణకారాలు పడతాయి. పైథాన్‌కు 12 లక్షలకు పైనే. నాలుగున్నర రెట్లు తేడా! ఇంకా ఏ తెలివైన అల్గారిథమ్ మాటా ఎత్తలేదు, ముక్క పొడవు ఒక్కటే ఇంత తేడా తెచ్చింది.

ఇప్పుడు అల్గారిథమ్‌ల దగ్గరకు వద్దాం. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1960లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో గణిత శాస్త్రవేత్త కొల్మొగోరోవ్ ఒక సెమినార్ నడిపారు. n అంకెల సంఖ్యలను గుణించాలంటే n వర్గానికి తగ్గ పని తప్పదని ఆయన ఊహ. వేల ఏళ్లుగా మనుషులు గుణిస్తున్నారు, ఇంతకంటే మంచి దారి ఉంటే ఈపాటికి దొరికేది కదా అని. ఆ సెమినార్‌కు వచ్చిన 23 ఏళ్ల కరాట్‌సుబా వారం తిరక్కుండానే ఆ ఊహ తప్పని చూపించాడు.

[తెర మీద: 47 × 86. నాలుగు గుణకారాల బాణాలు, తర్వాత వాటిలో ఒకటి చెరిగిపోతుంది.]

47ను 86తో గుణిద్దాం. మామూలుగా నాలుగు చిన్న గుణకారాలు కావాలి: 4×8, 4×6, 7×8, 7×6. కరాట్‌సుబా మూడే చేస్తాడు. పదుల స్థానాలు 4×8 అంటే 32. ఒకట్ల స్థానాలు 7×6 అంటే 42. మూడోది, ఒక్కో సంఖ్యలోని అంకెలను కూడి గుణించడం: 4+7 అంటే 11, 8+6 అంటే 14, వాటి లబ్ధం 154. అందులోంచి 32, 42 తీసేస్తే 80. మధ్యలో రావలసింది ఆ 80యే. ఇప్పుడు 3200, 800, 42 కూడండి: 4042. సరిపోయింది!

రెండంకెల సంఖ్యకు ఒక గుణకారం మిగిలితే గొప్పేమీ కాదు. పైగా కూడికలు, తీసివేతలు పెరిగాయి. కానీ ఒక్కో ముక్క వేల అంకెలదైతే, ఆ ముక్కలను మళ్లీ ఇదే పద్ధతిలో విడగొట్టవచ్చు, వాటిని మళ్లీ విడగొట్టవచ్చు. ప్రతి మెట్టు దగ్గరా పనిలో నాలుగో వంతు తగ్గుతుంది. పది లక్షల అంకెల సంఖ్యలు రెండింటిని పైథాన్ బడి పద్ధతిలో గుణిస్తే 1200 కోట్లకు పైగా చిన్న గుణకారాలు పడేవి. కరాట్‌సుబాతో, కూడికల ఖర్చు పక్కన పెడితే, అవి 60 కోట్ల లోపుకు దిగుతాయి.

దీన్నే ఇంకా ముందుకు తీసుకెళ్లినవి టూమ్, కుక్ పద్ధతులు: సంఖ్యను రెండు కాకుండా మూడు, నాలుగు, ఇంకా ఎక్కువ ముక్కలు చేస్తాయి. ఆ తర్వాత 1971లో షోన్‌హాగే, స్ట్రాసెన్ ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతిని ఇంటీజర్ల గుణకారానికి తెచ్చారు; చాలా పొడవైన సంఖ్యలకు అది ఇంకా తక్కువ పనితో సరిపెడుతుంది. 2019లో హార్వీ, వాన్ డెర్ హోవెన్ n లాగ్ n సమయంలో, అంటే పొడవు రెట్టింపైతే సమయం రెట్టింపుకు కాస్త మాత్రమే మించేలా, గుణించవచ్చని ఋజువు చేశారు. ఆ ఋజువు 1729 ఘాతం 12ను 2 మీద ఘాతంగా పెడితే వచ్చే సంఖ్య కన్నా ఎక్కువ బిట్లు ఉన్న సంఖ్యలకు వర్తిస్తుంది. రామానుజన్ గుర్తొచ్చే ఆ 1729 అక్కడ కనిపించినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. అంత పొడవైన సంఖ్య ఏ కంప్యూటర్‌లోనూ పట్టదు కాబట్టి లైబ్రరీల పోలికలో దానికి చోటు లేదు.

[తెర మీద: నాలుగు గీతలు. అడ్డంగా అంకెల సంఖ్య, నిలువుగా సమయం. గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి.]

ఏ లైబ్రరీలో ఏది ఉందో చూద్దాం. పైథాన్‌లో 70 ముక్కల వరకు, అంటే సుమారు 630 అంకెల వరకు బడి పద్ధతి, ఆ పైన కరాట్‌సుబా. గుణకారంలో అంతకుమించి ఇంకేమీ లేదు. జావాలో 2014లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ వరకు బడి పద్ధతి ఒక్కటే ఉండేది. ఆ వెర్షన్‌లో 80 ముక్కల దగ్గర కరాట్‌సుబా, 240 ముక్కల దగ్గర మూడు ముక్కల టూమ్ చేరాయి. జావా బిగ్‌ఇంటీజర్ చాలా నెమ్మది అన్న పాత పోలికలు కొన్ని 2014కు ముందువి. వాటిని ఇప్పటికీ పట్టుకుని వాదించడం న్యాయం కాదు. గోలో కరాట్‌సుబా ఉంది, లోపలి లూపులు అసెంబ్లీలో ఉన్నాయి.

జీఎంపీలో ఈ మెట్లన్నీ ఉన్నాయి: బడి పద్ధతి, కరాట్‌సుబా, రకరకాల టూమ్‌లు, చివర ట్రాన్స్‌ఫార్మ్. ఏ పొడవు దగ్గర ఏ పద్ధతికి మారాలో యంత్రాన్ని బట్టి కొలిచి చెప్పే ట్యూనింగ్ ప్రోగ్రాం కూడా దానితోపాటే వస్తుంది. చాలా ప్రాసెసర్లలో కరాట్‌సుబాకు మారే చోటు 20, 30 లింబ్‌ల దగ్గరే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మ్‌కు మారేది కొన్ని వేల లింబ్‌లు దాటాక. ఫ్లింట్ అనే ఇంకో లైబ్రరీ ఉంది, 2023లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి దానిలో కొత్త ట్రాన్స్‌ఫార్మ్ ఉంది. చాలా పెద్ద సంఖ్యల దగ్గర అది జీఎంపీనే దాటేస్తుంది.

[తెర మీద: రెండు నిలువు వరుసల పట్టిక. పొడవు, సమయం. పొడవు ప్రతిసారీ రెట్టింపవుతుంది.]

ఇక మీ యంత్రం మీదే మీరు చేసుకోగల పరీక్ష. యాదృచ్ఛిక సంఖ్యలు రెండు తీసుకుని గుణించి సమయం చూడండి. పొడవు రెట్టింపు చేసి మళ్లీ చూడండి, అలా రెట్టింపు చేస్తూ పోండి. ప్రతిసారీ సమయం ఎన్ని రెట్లు పెరిగిందో రాసుకోండి. 4 రెట్లు పెరుగుతుంటే లోపల బడి పద్ధతి నడుస్తోందని అర్థం. 3 రెట్ల దగ్గర ఆగితే కరాట్‌సుబా. 2కు కాస్త పైన ఉంటే ట్రాన్స్‌ఫార్మ్. సోర్స్ కోడ్ తెరవకుండానే లైబ్రరీ లోపల ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. ఒక్క పొడవు దగ్గర కొలిచిన సెకన్ల కంటే ఈ నిష్పత్తికే నేను ఎక్కువ విలువిస్తాను, ఎందుకంటే యంత్రం మారినా అది పెద్దగా మారదు.

కొలిచేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఒకే సంఖ్యను దానితోనే గుణించకండి. వర్గం చేస్తున్నామని గుర్తించి లైబ్రరీలు వేరే దగ్గరి దారి పడతాయి. జావాలో మొదటి కొన్ని పరుగులను లెక్కలోకి తీసుకోకండి, ప్రోగ్రాం నడుస్తుండగానే దాన్ని వేగవంతం చేసే కంపైలర్ ముందు వేడెక్కాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గడియారం నడుస్తుండగా జవాబును ప్రింట్ చేయకండి.

ఈ ప్రింట్ సంగతి విడిగా చెప్పాలి. సంఖ్య లోపల బైనరీలో ఉంటుంది, మనకు 0 నుంచి 9 వరకు ఉండే మామూలు అంకెల్లో కావాలి. ఆ మార్పు తేలిక పని కాదు. పైథాన్‌లో ఇది చాలాకాలం n వర్గం సమయం తీసుకునేది. గుణకారం కరాట్‌సుబాతో ముందే అయిపోయి, జవాబును తెర మీదికి తేవడానికే అసలు సమయమంతా పోయేది. ఎవరైనా సర్వర్‌కు లక్షల అంకెల స్ట్రింగ్ పంపి దాన్ని కదలకుండా చేయగలరు కాబట్టి, 2022లో 4300 అంకెలు దాటిన మార్పిడికి పైథాన్ హద్దు పెట్టింది. కావాలనుకుంటే ఆ హద్దును మనం పెంచుకోవచ్చు. 3.12 వెర్షన్‌లో వేగమైన మార్పిడి వచ్చింది. జావాలో అలాంటిది ఎనిమిదో వెర్షన్ నుంచే ఉంది. "పైథాన్ గుణకారం నెమ్మది" అని చూపించే పోలికల్లో కొన్ని నిజానికి కొలిచింది ఈ ప్రింట్‌నే.

[తెర మీద: ఎడమవైపు పొడవాటి గొలుసులా గుణకారం, కుడివైపు చెట్టులా గుణకారం.]

ఫ్యాక్టోరియల్‌తో పోల్చేవాళ్లకు ఇంకో మాట. లూపులో 1 నుంచి n వరకు గుణించుకుంటూ పోతే ప్రతిసారీ ఒక పెద్ద సంఖ్యను ఒక చిన్న సంఖ్యతో గుణిస్తున్నాం. కరాట్‌సుబాకు గానీ ట్రాన్స్‌ఫార్మ్‌కు గానీ అక్కడ పనే లేదు, అవి రెండు పెద్ద సంఖ్యలు కలిసినప్పుడే పనికొస్తాయి. అదే పనిని సగాలుగా చీల్చి, జంటలు జంటలుగా గుణించుకుంటూ పైకి వస్తే చివరి మెట్లలో రెండు పెద్ద సంఖ్యలు ఎదురవుతాయి, లైబ్రరీ అసలు బలం అప్పుడు బయటికి వస్తుంది. పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని ఫ్యాక్టోరియల్ ఇలాగే విడగొట్టి చేస్తుంది. దాన్ని జావాలో రాసిన మామూలు లూపుతో పోల్చి ఒక భాష గెలిచిందని ప్రకటిస్తే, అక్కడ గెలిచింది గుణించిన వరుసే.

ఇక ఎంపిక. మీ సంఖ్యలు 50, 60 అంకెల లోపు అయితే లైబ్రరీ మార్చి పెద్దగా లాభపడరు. అక్కడ మెమరీ కేటాయింపు, ఫంక్షన్ పిలుపు లాంటి ఖర్చులే ఎక్కువ. పైథాన్, జావా ప్రతి జవాబుకూ కొత్త ఆబ్జెక్ట్ చేస్తాయి. జీఎంపీలో, గోలో పాత చోటులోనే కొత్త జవాబు రాయించవచ్చు. ఫిబొనాచీ లాంటి కూడికల లూపులో ఆ తేడా బాగా తెలుస్తుంది.

పైథాన్‌లోనే ఉంటూ వేల, లక్షల అంకెలతో పని పడితే జీఎంపీవై2 అనే ప్యాకేజీ పెట్టుకోండి, వెనక జీఎంపీయే నడుస్తుంది. ఎంపీమ్యాథ్ అనే పైథాన్ లైబ్రరీ వాడేవాళ్లు కోడ్ మార్చనక్కర్లేదు, జీఎంపీవై2 కనిపిస్తే ఎంపీమ్యాథ్ దాన్నే వాడుకుంటుంది. దశాంశాలతో, కచ్చితమైన రౌండింగ్‌తో పని ఉంటే ఎంపీఎఫ్ఆర్ అనే లైబ్రరీ. రూబీ భాషకు జీఎంపీ దొరికితే దాన్నే వాడుకుంటుంది కాబట్టి మీకు తెలియకుండానే దాని వేగం అందుతుండవచ్చు. కంపెనీ ఉత్పత్తిలో పెట్టేటప్పుడు మాత్రం జీఎంపీ లైసెన్స్ షరతులు చదివి పెట్టండి.

ఒక్క చోట మాత్రం ఈ పోలికలేవీ పట్టించుకోకండి. ఆర్‌ఎస్‌ఏ లాంటి గుప్తీకరణ పద్ధతుల రహస్య కీలతో పని చేసేటప్పుడు, 2048 బిట్లంటే 32 లింబ్‌లే కదా అని జీఎంపీ మామూలు ఫంక్షన్లతో సొంతంగా రాయకండి. సంఖ్యను బట్టి వాటికి పట్టే సమయం మారుతుంది, ఆ సమయాన్ని కొలిచి కీని రాబట్టే దాడులున్నాయి. అందుకే జీఎంపీలోనే ఎప్పుడూ ఒకే సమయం తీసుకునేలా రాసిన ఫంక్షన్లు విడిగా ఉన్నాయి, మామూలు వాటికన్నా అవి నెమ్మది. క్రిప్టోగ్రఫీకైతే అందుకోసమే రాసి, పరీక్షించిన లైబ్రరీని తీసుకోండి.