కామ్‌షాఫ్ట్ కొనే ముందు వెనక గేరు చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చదవమని కార్యదర్శి గారు చీటీ రాసిచ్చారు. నాకిచ్చిందేమో అరగంట. అందులో మూడో వంతు జ్యోతి ప్రజ్వలనకూ శాలువాలకూ పోయింది. పెద్దలు మన్నించాలి, చీటీ జేబులోనే ఉంచుకుంటాను.

ఆహ్వానంలో నా ప్రసంగం పేరు “పాత మజిల్ కారులో 400 హార్స్‌పవర్ సాధించడం ఎలా” అని వేశారు. మజిల్ కారంటే మామూలు కారులో పెద్ద ఇంజన్ పెట్టింది. నా గొడవంతా ఆ 400 మీదే.

డెట్రాయిట్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు కార్ల కంపెనీల్లో చాలామందే ఉన్నారు. పగలంతా సాఫ్ట్‌వేరూ బ్యాటరీలూ, రాత్రయితే గరాజ్‌లో యాభై ఏళ్ల నాటి షెవర్లే షెవెల్ కింద పడుకోవడం. నాకు సంతోషమే. 1964లో మధ్యరకం కారులో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్ పెట్టి జీటీవో అని అమ్మిన పాంటియాక్‌ వాళ్ల ఊరు మనకు పక్కనే. ఆ గాలి సోకకుండా ఎలా ఉంటుంది? ఇంజన్ కట్టుకోండి, తప్పు లేదు. ఏ వరసలో కట్టాలన్నదే నేను చెప్పాలనుకుంటున్నది.

మా మిత్రుడొకాయన ఉన్నారు. పేరు చెప్పను. మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు. ఆయన దగ్గర 1972 షెవెల్ ఉంది. 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్, గాలీ పెట్రోలూ కలిపి అందించే నాలుగు నోళ్ల కార్బొరేటర్. పుస్తకంలో 175 హార్స్‌పవర్ అని చూసి ఆయనకు మనసు విరిగిపోయింది. “1970 మోడల్‌లో ఇదే ఇంజన్‌కి 300 రాశారు, నా కారుకేం ఖర్మ?” అని అడిగారు.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లాలి. ఆ 300 గ్రాస్ లెక్క. ఎయిర్ ఫిల్టర్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ వంటివి తీసేసి, ఇంజన్‌ను ఒంటరిగా టెస్ట్ బెంచి మీద నడిపి కొలిచింది. 1972 నుంచి నెట్ లెక్క వచ్చింది, అంటే అవన్నీ బిగించి కారులో ఉన్నట్టే కొలిచింది. మధ్యలో 1971లో జనరల్ మోటార్స్ తక్కువ ఆక్టేన్ పెట్రోలుకు సరిపోయేలా కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని ఎన్ని వంతులు నొక్కుతుందన్న నిష్పత్తి, దించింది. ఈ ఇంజన్‌లో 10.25 నుంచి 8.5కి పడింది. శక్తి కొంత నిజంగానే తగ్గింది, మిగతాది కొలతలో తేడా. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆయన డబ్బు మిగిలేది.

చెప్పేవాళ్లు లేక ఒక షాపుకు వెళ్లారు. ఏ షాపో అడగొద్దు. కౌంటర్ దగ్గరున్న మనిషి అడిగింది ఒక్కటే: “ఎంత పవర్ కావాలి?” ఈయన 400 అన్నారు. ఆయన లోపలికెళ్లి ఒక కామ్‌షాఫ్ట్ తెచ్చారు. ఇంజన్ వాల్వులను తెరిచి మూసే ఇరుసు అది. 0.050 అంగుళం లిఫ్ట్ దగ్గర 244 డిగ్రీల డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే సమయం, క్రాంక్ తిరిగే డిగ్రీల్లో. దాంతోపాటు 850 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 850 ఘనపు అడుగుల గాలి పట్టే కార్బొరేటర్ అంటగట్టారు. ఎంతమంది భోజనానికి వస్తారో అడక్కుండా గాడిపొయ్యి తవ్వడమంటే ఇదే. కారు వెనక గేరు, అంటే రివర్స్ కాదు, వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి, ఎంత అని అడగలేదు, గేర్‌బాక్స్ ఏమిటని అడగలేదు, కారులో ఎవరు కూర్చుంటారని అంతకన్నా అడగలేదు.

ఐడిల్‌లో (కారు ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) దడ్... దడ్... దడదడ్ అని మహా గొప్పగా ఉండేది. చుట్టుపక్కల పిల్లలు వీడియోలు తీసుకున్నారు. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్లారు. 1995 నుంచి, 2020లో తప్ప, ఏటా జరుగుతోంది, మీకు తెలిసిందే. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా కార్లు చీమల బారులా కదులుతాయి. అక్కడ అసలు పరీక్ష వేగం కాదు, ఎండలో ఆగుతూ ఆగుతూ వెళ్లడం. రెండో సిగ్నల్ దగ్గర బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. వాళ్లావిడ కారు దిగి, వెనకాల వస్తున్న మా కారెక్కారు. పచ్చలైటు పడ్డాక ఈయన యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ ఒకసారి దగ్గింది. పక్కన పిల్లల సీట్లున్న మినీవ్యాన్ ముందుకెళ్లిపోయింది. మినీవ్యాన్!

మర్నాడు నేను వ్యాక్యూమ్ గేజ్ పెట్టి చూశాను. ఐడిల్‌లో 8 అంగుళాలు, పాదరసం కొలతలో. బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్ పనిచేసేది ఇంజన్ పీల్చే ఈ వ్యాక్యూమ్ మీదే. దానికి ఇంచుమించు 15 ఉంటే హాయి. అంత పెద్ద కామ్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ, వ్యాక్యూమ్ నిలవదు. పైగా పిస్టన్ పైకి రావడం మొదలయ్యాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ చాలాసేపు మూసుకోదు. వేగం ఎక్కువుంటే గాలి ఊపు మీద ఇంకా లోపలికే వస్తుంది. వేగం తక్కువైతే పీల్చినదాంట్లో కొంత వెనక్కి మానిఫోల్డ్‌లోకే పోతుంది. 8.5 కంప్రెషన్ అసలే తక్కువ, అందులో ఇదొకటి.

ఇప్పుడు చేతులెత్తండి. మీ కామ్ డ్యూరేషన్ ఎంతో ఎవరికి తెలుసు? చాలామందే ఉన్నారు. మీ వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి ఎవరికి తెలుసు? ...చూశారా! నేను వెయ్యి మాటల్లో చెప్పాల్సింది మీరే చెప్పేశారు.

కాగితం తీయండి. మైళ్లలో వేగాన్ని గేర్ నిష్పత్తితో హెచ్చించి, దాన్ని 336తో హెచ్చించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగించండి. మా మిత్రుడి కారుకు గేరు 2.73, టైరు 26 అంగుళాలు. 70 మైళ్ల వేగంలో ఇంజన్ తిరిగేది సుమారు 2,470 ఆర్పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు. ఆ కామ్ నిద్ర లేచేదే 3,000 దాటాక. అంటే హైవే మీద వెళ్తున్నప్పుడు కూడా ఆయన కొన్న శక్తి ఆయనకు అందదు! ఈ లెక్క చేయడానికి ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు. షాపులో ఎవరూ చేయలేదు.

కార్బొరేటర్‌దీ అదే కథ. క్యూబిక్ అంగుళాలను గరిష్ఠ ఆర్పీఎంతో హెచ్చించి 3,456తో భాగించాలి. 350 ఇంజన్‌ 6,000 దాకా తిరిగినా వచ్చేది 608. అదీ సిలిండర్లు నూటికి నూరు శాతం నిండితే. రోడ్డు ఇంజన్‌లో అంత నిండవు. 600, 650 చాలు. 850 ఎవరి కోసం?

నేను హెడ్‌ల పోర్టింగ్ గురించి కొన్ని బొమ్మలు తెచ్చాను. అవి చూపించే సమయం లేదు, వదిలేద్దాం. ఆ షెవెల్‌ను మళ్లీ ఎలా కట్టామో చెప్తాను, అది పనికొస్తుంది.

ముందు వెనక గేరు 3.55 వేశాం. ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజన్ చుట్లు తగ్గించే పై గేరు) లేని మూడు గేర్ల బాక్స్‌తో అయితే 70 మైళ్లకు 3,200 ఆర్పీఎం దాకా పోతుంది, చెవులు చిల్లులు పడతాయి. అందుకని నాలుగో గేరు 0.67 ఉన్న 200-4ఆర్ ఆటోమేటిక్ పెట్టాం. హైవే మీద 2,150 ఆర్పీఎంకి దిగొచ్చింది. సిగ్నల్ దగ్గర దూకుడు, హైవేలో ప్రశాంతత రెండూ దక్కాయి. ఇంజన్ అప్పటికింకా ముట్టుకోలేదని గమనించండి.

తర్వాత కంప్రెషన్. ఆ కారులో హెడ్ చాంబర్, అంటే సిలిండర్ పైమూతలో పెట్రోలు మండే గది, 76 సీసీ. గది చిన్నదైతే కంప్రెషన్ పెరుగుతుంది. 64 సీసీ అల్యూమినియం హెడ్‌లు వేస్తే, పిస్టన్‌లు మార్చకుండానే 8.5 కాస్తా 9.6 అయింది. మన పంపుల్లో దొరికే 93 ఆక్టేన్‌తో నాకింగ్ (పెట్రోలు వేళ తప్పి మండి ఇంజన్ కొట్టుకోవడం) లేకుండా నడుస్తుంది. కామ్ ఎంచుకున్నది వీటి తర్వాత. 218 డిగ్రీలు, కామ్ మీద చిన్న చక్రాలు దొర్లే రోలర్ రకం. చక్రం లేకుండా రాసుకుంటూ నడిచే పాతరకం ఫ్లాట్ టాపెట్ చవకే, కానీ ఇప్పటి ఆయిళ్లలో జింక్ తగ్గించారు. కొత్త కామ్‌ను అలవాటు చేసే బ్రేక్-ఇన్‌లో మొదటి ఇరవై నిమిషాలు 2,000కు పైన తిప్పకపోతే లోబ్‌లు (కామ్ మీద వాల్వులను తోసే ఉబ్బులు) అరిగి, ఆ ఇనుప పొడి బేరింగుల్లోకి చేరుతుంది. ఆ టెన్షన్ మనకెందుకు?

మళ్లీ గేజ్ పెడితే 16 అంగుళాలు. దడదడ పోయిందని మొదట్లో ఆయన మొహం చిన్నబోయింది. 2,000 దగ్గర తొక్కి చూశాక మాట్లాడలేదు. ఎంత హార్స్‌పవర్ వచ్చిందని మీరు అడుగుతారు. కొలవలేదు. కొలిపించమని ఆయన పట్టుబట్టారు, ఆ డబ్బుతో ముందు డిస్క్ బ్రేకులు, మంచి రేడియేటర్ వేయించుకోమన్నాను. వాళ్లావిడ నా పక్షమే.

బ్లాక్ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. యాభై ఏళ్ల బ్లాక్ తెచ్చుకున్నవాళ్లు పిస్టన్‌లు ఆర్డర్ చేసే ముందు దాన్ని కడిగించి, మాగ్నాఫ్లక్స్ అనే అయస్కాంత పరీక్షతో పగుళ్లు చూపించండి. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) ఎంత పెంచాలో మెషిన్ షాపు కొలిచి చెప్పాకే పిస్టన్ సైజు. ముందే కొని పెట్టుకున్నవాళ్లు ఈ హాల్లో ఇద్దరున్నారని నాకు తెలుసు, వాళ్లవైపు చూడను.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. బయట పార్కింగ్‌లో నాలుగైదు పాత కార్లు కనిపించాయి. నా బండి డిక్కీలో వ్యాక్యూమ్ గేజ్, కంప్రెషన్ టెస్టర్, టేపు ఉన్నాయి. భోజనాలకు ఇంకా సమయముందట. వచ్చేవాళ్లు రండి, ముందు టైరు ఎత్తు కొలుద్దాం. ఆ నీలం ఫైర్‌బర్డ్ ఎవరిదో వాళ్లు తాళాలు తెచ్చుకోండి.